విజయరాణి చేసిన ఎడమచెయ్యి

విజయరాణి బొమ్మలు చెయ్యడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, "కాయలకి కట్టిన కవర్లు ఊరికే పారేస్తుంటే మనసొప్పలేదండీ" అంటుంది. అది అబద్ధం కాదు. కాకపోతే అంతటితో అయిపోయే మాట కూడా కాదు.

ముసునూరు చుట్టుపక్కల తోటల్లో ఇప్పుడు బంగినపల్లి కాయకి కవరు లేకపోతే వ్యాపారి దాని మొహం చూడడు. మార్చి వచ్చి కాయ నిమ్మకాయంత అయ్యేసరికి విజయరాణి లాంటి ఆడవాళ్లు నిచ్చెనలెక్కుతారు. ఒక్కొక్క కాయకి ఒక్కొక్క కాగితపు సంచి తొడిగి, మూతి దగ్గరున్న సన్నటి తీగని మెలిపెడతారు. సంచి పైన మట్టిరంగు, లోపల నలుపు. పొద్దున్నుంచి సాయంత్రందాకా తల పైకెత్తి, చేతులు పైకెత్తి అదే పని. దిగేటప్పటికి భుజాలు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టుంటాయి. మే నెలలో కోతలయ్యాక ఆ కవర్లన్నీ చెట్ల కింద కుప్పలుగా పడి ఉంటాయి. మైనం పూత వల్ల పొయ్యిలోకి కూడా పనికిరావు, ఇల్లంతా పొగ.

విజయరాణి తల్లి పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రోట్లో దంచి, చిల్లులు పడ్డ తట్టలకీ చేటలకీ మెత్తేది. ఆరితే చెక్కలా గట్టిగా ఉండేవి. ఆ పని గుర్తొచ్చి విజయరాణి ఓ వేసవిలో రెండు గోనెసంచుల కవర్లు ఇంటికి మోసుకొచ్చింది. మైనం తేలిపోయేదాకా కాగులో ఉడికించి, కడిగి, దంచింది. బూడిదరంగు గుజ్జు వచ్చింది. మూడు తట్టలకి మెత్తాక ఇంకా మిగిలింది. ఆ మిగిలిన ముద్దని చేతిలో పట్టుకుని వరండాలో కూర్చుంది. ఎదురుగా మంచం మీద భర్త చిన్నరాయప్ప కుడిచెయ్యి పొట్ట మీద పడి ఉంది. ఆ చేతిని చూస్తూ చూస్తూ అలాంటి చేతినే చేసింది. వేళ్లు నిలబడడానికి కవర్ల తీగలు లోపల పెట్టింది.

చిన్నరాయప్ప ఒకప్పుడు కోత మేస్త్రి. ముప్ఫైమంది కూలీల్ని కేకలతో నడిపించిన మనిషి. ఆరేళ్ల కిందట చెట్టు కిందే పక్షవాతం వచ్చి పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది, ఒక్కో మాటకీ వెతుక్కుంటాడు. పిల్లలు లేరు. లేపడం, కూర్చోబెట్టడం, కడగడం, తుడవడం అన్నీ ఆమే. ఒంట్లో సగం మనకి సాయపడుతూ, సగం కిందికి లాగుతూ ఉంటే ఆ మనిషి ఎంత బరువో మోసినవాళ్లకే తెలుస్తుంది. ఏ ఎముక ఎక్కడ తేలుతుందో, ఏ కండ ఎక్కడ వదులవుతుందో విజయరాణి అరచేతులకి అలా తెలిసింది.

చెయ్యి తర్వాత పాదం చేసింది. తర్వాత వీపులు. వంగిన వీపులు, ఒరిగిన వీపులు, లేవబోయి ఆగిపోయిన వీపులు. నిచ్చెన మీద చేతులెత్తిన ఆడవాళ్ల బొమ్మలు చేస్తే, దండం పెడుతున్నారా, గొడవ పడుతున్నారా అని జనం అడిగేవాళ్లు. ఆమెకీ తెలిసేది కాదు. మొహాలు మాత్రం చెయ్యదు. "చేతకాదు" అంటుంది. మొహం అబద్ధమాడుతుంది, వీపు ఆడలేదు అన్నది ఆమె మనసులో మాట. దాన్ని ఎవరితోనూ అనలేదు.

రెండేళ్ల కిందట మామిడిపళ్ల కోసం తోటకొచ్చిన శ్యామ్ సుందర్ అనే లెక్చరర్ ఈ బొమ్మలు చూసి, రెండింటిని విజయవాడలో ఓ ప్రదర్శనకి తీసుకెళ్లాడు. పేపర్లో జిల్లా పేజీలో చిన్న ఫొటో పడింది. స్వయంకృషితో ఎదిగిన సమకాలీన శిల్పి అని రాశారు.

"సమకాలీన... అంటే?" అన్నాడు చిన్నరాయప్ప.

"ఇప్పటిదని అంట."

"ఇప్పటిది కాకపోతే... ఎప్పటిది అవుద్ది? వానొస్తే... రేపటికి ఉండదు."

చాలా రోజుల తర్వాత ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారు.

ఈ ఏడు జనవరిలో ఆమె పెద్ద బొమ్మ మొదలుపెట్టింది. కాయలు మోసే ప్లాస్టిక్ ట్రే ఒకటి బోర్లించి, దాని మీద సరుగుడు కర్రలూ కోళ్లగూటి జాలీ కట్టి, పొర మీద పొర వేసుకుంటూ వచ్చింది. సగం లేచి, సగం కూర్చున్న ఒక ఆడమనిషి. పమిట జారి తల మీదుగా వేలాడుతోంది, మొహం కనపడదు. ఆమె ఒడిలోంచి ఒక మగవాడు కిందికి జారుతున్నాడు. ఆమె కుడిచెయ్యి అతని చంక కింద ఉంది. ఎడమచెయ్యి అతని ఛాతీ మీద ఉంది, అరచెయ్యి పూర్తిగా తెరుచుకుని. ఆ చేతికి పదిహేను రోజులు పట్టింది. మిగతా బొమ్మంతా ఒక ఎత్తు, ఆ చెయ్యి ఒక ఎత్తు. బొమ్మ పూర్తయ్యాక పాత చీర కప్పి వరండాలో ఒక మూల పెట్టింది. ఎవరికీ చూపించాలని లేదు. ఎందుకు చేశావంటే చెప్పడానికీ లేదు.

ఈస్టర్ ముందు తపస్కాలంలో శుక్రవారం శుక్రవారం చర్చిలోని మరియదళం ఆడవాళ్లు రోగులున్న ఇళ్లకొచ్చి జపమాల చెబుతారు. మార్చి ఆఖరి శుక్రవారం నలుగురు వచ్చారు. దళానికి పెద్ద రోజీ. అంగన్‌వాడీలో పాతికేళ్లు చేసి రిటైరైంది. ఏ ఇంటికెళ్లినా ముందు ఇల్లు సర్దుతుంది, తర్వాత ప్రార్థన మొదలెడుతుంది.

"ఏం రాయప్పా, మళ్లీ జారలేదు కదా?" అంటూనే లోపలికొచ్చింది. "క్రిస్మస్ ముందర మమ్మల్నందర్నీ హడలగొట్టావు. కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవయ్యా. అదొక్కత్తే ఎంతకని చేస్తది?"

చిన్నరాయప్ప కనుబొమ మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. అతను పైకప్పు రేకుల వంక చూశాడు.

"దీపానికి గాలి కొడతంది, ఆ మూల పెడదాం" అంటూ రోజీ మూలకెళ్లి, అడ్డంగా ఉందని చీర లాగేసింది.

రోజీ చెయ్యి దానంతటదే నుదుటికెళ్లి సిలువ గుర్తు వేసుకుంది.

"వ్యాకులమాత!" అంది. "ఓసి రాణీ, వ్యాకులమాతని చేశావా!"

మిగతా ముగ్గురూ అప్పటికే మోకాళ్ల మీద ఉన్నారు. "సిలువ మీద నుంచి దింపాక కొడుకుని ఒళ్లో పెట్టుకుంది చూడు తల్లి" అంది జ్యోతి కళ్లు తుడుచుకుంటూ. చర్చి పాటల బృందంలో పాడే అమ్మాయి. చిన్నదానికే ఏడుస్తుంది. "ఆయన కుడిచెయ్యి చూడండి పిన్నీ, ఎట్టా ముడుచుకుపోయిందో."

"మేకు దిగితే ముడుచుకుపోదా మరి" అంది ఇంకొకామె.

విజయరాణి నోరు తెరిచింది. అది మేకు కాదని, పక్షవాతమని, ఆ చెయ్యి అదిగో ఆ మంచం మీదుందని చెప్పాలి. అప్పటికే జపమాల మొదలైంది. యాభైమూడు మంగళవార్త జపాలు అయ్యేసరికి చెప్పాల్సిన మాట గొంతులోనే చల్లారిపోయింది. రోజీ లేచి ఫోన్లో మూడు ఫొటోలు తీసింది.

రెండో రోజుకి ఫాదర్ గారి కబురొచ్చింది. పవిత్ర శుక్రవారం, గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మార్గం ప్రార్థన అయ్యాక, గుడిలో పీఠం పక్కన ఆ స్వరూపాన్ని పెడదామన్నారు. ఊళ్లో మనిషి చేసిన స్వరూపం ఊరి గుడిలో ఉండడం కంటే ఏం కావాలన్నారు. కబురు తెచ్చింది రోజీయే.

"రంగు వేయించొద్దన్నార్లే ఫాదర్ గారు. నేనైతే నీలం వేద్దామన్నాను, నీలం లేకపోతే మరియమ్మని ఎట్టా పోల్చుకుంటారని. అట్టాగే బాగుందన్నారు." రోజీ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, ముందు ఆగింది. "ఇదొక్కటే. ఈ ఎడమచెయ్యి. ఎట్టానో ఉందే ఇది."

"ఎట్టా ఉందక్కా?"

"ఏమో. తల్లి చెయ్యి లాగా లేదు. నెట్టేస్తున్నట్టుంది. నువ్వు అనుకుని చేసుండవులే, తడి మీద ఒరిగిపోయుంటది. కాస్త తీసి ఆయన తల కింద పెట్టు. పది నిమిషాల పని నీకు."

"సరే" అంది విజయరాణి.

ఆ మాట ఎందుకు వచ్చిందో ఆమెకి ఆ తర్వాత రెండు వారాలూ అర్థం కాలేదు. నిచ్చెన మీద నిలబడి కాయకి కవరు తొడుగుతూ అదే ఆలోచించింది. కాదనడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక ఆమెకి మిగలడం లేదు. పొద్దున నాలుగున్నరకి లేస్తే అతన్ని కడిగి, వండి, తినిపించి తోటకొచ్చేసరికే ఒక రోజు అయిపోయినట్టుంటుంది. ఇంకో రోజు తోటలో గడుస్తుంది. ఇంటికెళ్తే మూడోది. పది నిమిషాల పనే కదా. తడిబట్ట చుడితే గుజ్జు మెత్తబడుతుంది. తీగలు వంచితే చెయ్యి ఎక్కడికంటే అక్కడికి వెళ్తుంది. ఇక ఎవరికీ ఏమీ తెలియదు.

కానీ ఆ బొమ్మలో ఆమె చెప్పదలుచుకున్నది ఆ చెయ్యి ఒక్కటే.

క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు ఆమెకే జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. తెల్లారకముందే రెండుసార్లు అతని దుప్పట్లు మార్చింది. దొడ్లో కుళాయి దగ్గర అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి కడిగి, లేపుతోంది. కుడిచెయ్యి అతని చంక కింద ఉంది. అతను ఎప్పట్లాగే బరువంతా ఆమె మీద వేశాడు. "నెమ్మదిగా" అన్నాడు. తిట్టలేదు, విసుక్కోలేదు. ఆ ఒక్క మాటే. ఆమె ఎడమచెయ్యి లేచి, అతని ఛాతీ మీద ఆని, తోసింది. గట్టిగా కూడా కాదు. కుళాయి దిమ్మకి కనుబొమ తగిలి చీలింది. నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటోలో ఎవరో అడిగితే "కాలు జారిందండీ" అంది. మూడు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత ఊళ్లో ప్రతివాళ్లూ ఆ మాటే అన్నారు. రాయప్ప జారాడు, పాపం రాణి. కొత్త సంవత్సరం పూజలో ఫాదర్ గారు ప్రసంగంలో ఆమె పేరు చెప్పి, ఓర్పు అంటే అదీ అన్నారు. ఆమె తల వంచుకుంది. పక్కన కూర్చున్నవాళ్లు అణకువ అనుకున్నారు.

చిన్నరాయప్ప మాత్రం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అతనికి తెలుసా, తెలియదా అన్నది ఆమె అడగలేదు. దెబ్బకి మర్చిపోయాడేమో అని ఒక్కోసారి అనుకునేది. ఒక్కోసారి అతను మర్చిపోతే బాగుండునని ప్రార్థన చేసి, అలా ప్రార్థించినందుకు మళ్లీ సిగ్గుపడేది.

పవిత్ర గురువారం వచ్చింది. ఆ రోజు తోట పనికి వెళ్లలేదు. పదకొండింటికి రోజీ ఆటో తెస్తానంది. విజయరాణి పొద్దున్నే బొమ్మ మీద చీర తీసి, ఎడమ మణికట్టు చుట్టూ, వేళ్ల మీద తడిగుడ్డ చుట్టింది. మెంతుల వాసన లేచింది. చిన్నరాయప్ప మంచం మీంచి చూస్తున్నాడు.

"ఏం... చేస్తన్నావు?"

"చెయ్యి మారుస్తన్నా. రోజీ అక్క చెప్పలేదా? తల కింద పెట్టమంది."

"ఎందుకు?"

"బాగాలేదంట."

ఆమె గుడ్డ విప్పి, బొమ్మ చూపుడువేలు నొక్కి చూసింది. ఇంకా మెత్తబడలేదు. మళ్లీ గుడ్డ చుట్టి నీళ్లు చల్లింది.

"రాణీ."

"ఊఁ."

"అది నేనే కదా."

ఆమె చెంబు కింద పెట్టింది.

"ఆ రోజు," అన్నాడు అతను, ఒక్కొక్క మాటా ఎక్కడో లోపల్నుంచి తోడుతున్నట్టు, "నీ చెయ్యి... జారిందా?"

ఔనంటే అయిపోతుంది. జ్వరం, తడిచెయ్యి, సబ్బు. అన్నీ ఉన్నాయి ఆ రోజు. నాలుగు నెలలుగా ఆమె తనకి తాను చెప్పుకుంటున్నవన్నీ వరసగా నాలిక మీదికొచ్చి నిలబడ్డాయి.

"లేదు," అంది. "తోశాను."

పైకి అన్నది అదే మొదటిసారి. అన్నాక గోడకి ఆనుకుంది. అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అతని వీపు ఆమెకి కనిపిస్తోంది. కోపం వచ్చిన వీపు. ఆరేళ్లలో ఆమె ఎన్నో వీపులు చేసింది గానీ అలాంటిది చెయ్యలేదు. ఏడవాలనుకుంది. ఏడుపు కూడా రాలేదు, అంత అలిసిపోయి ఉంది.

కొంతసేపటికి అతనే ఇటు తిరిగాడు. తిరగడానికి ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని అవస్థపడ్డాడు. ఆమె సాయం వెళ్లబోతే తల అడ్డంగా ఊపాడు.

"మార్చమాక," అన్నాడు.

"ఏంటి?"

"చెయ్యి. మార్చమాక." ఊపిరి తీసుకున్నాడు. "అందరూ... జారావు జారావు అంటన్నారు. రోజీ... ప్రతి వారం. ఒళ్లు దగ్గర పెట్టుకోమంటది. చిన్న పిల్లాడికి చెప్పినట్టు." కనుబొమ మీద మచ్చ ముడుచుకుంది. "నేను జారలా. ఎడమ కాలు... గట్టిగానే పెట్టా. ముప్ఫై ఏళ్లు కొమ్మల మీద నడిచినోణ్ణి. నేను... జారలా."

విజయరాణి తన తప్పు గురించే ఇన్నాళ్లూ తిప్పలు పడింది. దాన్ని కప్పిపుచ్చడానికి చెప్పిన అబద్ధం అతని మీద పడిందని, దాన్ని అతను రోజూ మోస్తున్నాడని ఆమెకి తోచనే లేదు.

బయట ఆటో ఆగింది.

రోజీ లోపలికి వస్తూనే మొదలెట్టింది. "రెడీయేనా? గతుకుల్లో దెబ్బతినకుండా వరిగడ్డి వేయించాను ఆటోలో. జ్యోతి పట్టుకుని కూర్చుంటది. ఇదేంటి, ఇంకా చెయ్యి మార్చలేదూ? గుడ్డ చుట్టి కూర్చున్నావేంటే?"

"మార్చనక్కా."

"అదేంటి?"

"అది వ్యాకులమాత కాదు. అది నేను. ఆయన మా ఆయన." విజయరాణి గొంతు పెద్దగా లేవలేదు. "క్రిస్మస్ ముందర ఆయన జారలేదు. నేనే తోశాను. ఆ చెయ్యి అదే."

రోజీ ఆమె వంక చూసి, బొమ్మ వంక చూసి, మంచం వంక చూసింది.

"నేను జారలా," అన్నాడు చిన్నరాయప్ప.

"ఓరి దేవుడా," అంది రోజీ. స్టూలు మీద కూలబడింది. చీర చెంగుతో మెడ తుడుచుకుంది. "ఈ మాట ఇప్పుడా చెప్పేది, ఆటో గుమ్మంలోకి వచ్చాక?"

బయట ఆటో అతను హారన్ కొట్టాడు. రోజీ విసుగ్గా, "ఉండవయ్యా, ప్రాణం పోతున్నట్టు!" అని కేకేసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఫాదర్ గారికి ఏం చెప్పమంటావే?" అంది.

"నేను చెప్పిందే చెప్పు."

"నేను చెప్పలేనమ్మా. ఆ మాటేదో నువ్వే చెప్పుకో, సాయంత్రం పాపసంకీర్తన వినడానికి కూర్చుంటారు." రోజీ లేచింది. గుమ్మందాకా వెళ్లి వెనక్కి తిరిగింది. చిన్నరాయప్పతో ఏదో అనబోయింది. ఎప్పుడూ అతనికి చెప్పే జాగ్రత్తే నోటి చివరికి వచ్చినట్టుంది. ఆగిపోయింది. "వస్తాను రాయప్పా," అని మాత్రం అంది, పెద్దమనిషితో అన్నట్టుగా. వరిగడ్డి వేసుకొచ్చిన ఆటో ఖాళీగానే వెళ్లిపోయింది.

"ఊరంతా... చెప్పుద్ది," అన్నాడు చిన్నరాయప్ప.

"చెప్పుద్ది."

విజయరాణి బొమ్మ దగ్గరికెళ్లి తడిగుడ్డ విప్పింది. ఇంతసేపు మాటల్లో పడి వదిలెయ్యడంతో గుజ్జు బాగా నాని, మణికట్టు వాలిపోయింది. అరచెయ్యి జారి మగవాడి పొట్ట మీదికి వచ్చింది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, రెండు చేతులతో దాన్ని మెల్లగా ఎత్తి ఛాతీ మీద ఆనించింది.

"ఇంకాస్త పైకి," అన్నాడు మంచం మీంచి.

ఆమె తిరిగి చూసింది.

"ఎముక మీద. అంత కింద కాదు."

ఆమె ఆ చేతిని అంగుళం పైకి జరిపింది. "ఇక్కడా?"

"ఆఁ. అక్కడ."

తీగలు బిగిసి, గుజ్జు కాస్త ఆరేదాకా చెయ్యి వదలకూడదు. భుజం సలుపుతోంది. అన్నం ఇంకా వండలేదు. ఆమె అలాగే పట్టుకుని కూర్చుంది.